‘ఆగండి’ అని చెప్పినవాళ్లు: రాకెట్లు, మిస్సైళ్లు, మనుషుల ప్రాణాలు

పోస్టు పెద్దది. ఒక్కసారి కాకపోతే రెండుసార్లుగానైనా పూర్తిగా చదవండి. మా హాస్టల్ రూములో నలుగురం కలిసి చదివి, వాదించుకుని రాసింది ఇది. మా నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

2023 అక్టోబర్ 21, దసరా సెలవులు. ఊళ్లో సిగ్నల్ రాదు కాబట్టి గట్టు ఎక్కి, ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుని శ్రీహరికోట లైవ్ చూశాం. గగన్‌యాన్ కోసం మొదటి పెద్ద పరీక్ష అది. రాకెట్‌కి మధ్యలో ఏదైనా అయితే, మనుషులున్న గదిని దాని నుంచి లాగేసి కాపాడగలమా లేదా అని చూసే పరీక్ష. లోపల మనుషులు లేరు. వాతావరణం బాగాలేక 8 గంటలది 8:45కి జరిపారు. లెక్క దిగుతూ దిగుతూ ఇంకా 5 సెకన్లుందనగా ఆగిపోయింది. కంప్యూటరే ఆపేసింది.

మా పక్కనున్న ఒక బాబాయి నవ్వాడు. “ఇదేనా మీ రాకెట్టు? మన జీపు నయం, తోస్తే అయినా కదుల్తది” అన్నాడు. మేమూ నవ్వాం. తేడా ఎక్కడుందో చూసి సరిచేసి, 10 గంటలకు మళ్లీ వదిలారు. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో ఆ గది రాకెట్ నుంచి విడిపోయి, పారాచూట్లతో సముద్రంలో దిగింది.

ఆ రోజు మాకు గుర్తుండిపోయింది ఎగిరింది కాదు, ఆగింది. ఎందుకో అప్పుడు తెలీలేదు. 2025 మేలో సరిహద్దులో మిస్సైళ్లు ఎగిరిన రోజుల్లో మన గ్రూపులో జరిగిన గొడవ చూశాక కొంచెం అర్థమైంది. ఒకరు “ఏసెయ్యాలి, ఇంకా ఆలోచనేంటి” అన్నారు. ఇంకొకరు “యుద్ధం అంటే ముందు పోయేది మన ఊళ్ల పిల్లలే” అన్నారు. మరొకరు “మిస్సైల్ వేరు, రాకెట్ వేరు, సైన్సుని రాజకీయంలోకి లాగొద్దు” అన్నారు. తర్వాత తిట్టుకోవడాలు, గ్రూపులోంచి వెళ్లిపోవడాలు మీకు తెలిసిందే. ఆ మూడో మాట పట్టుకుని మేము చరిత్ర చదివాం. మిస్సైల్ వేరు, రాకెట్ వేరు అన్నది నిజమేనా?

ఒకే తల్లి పిల్లలు

అంతరిక్షం అంచు దాటిన మొదటి పెద్ద రాకెట్ జర్మనీ వాళ్ల వీ-2. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద, ఆంట్‌వెర్ప్ మీద వేసిన మిస్సైల్ అది. దాన్ని తయారు చేసింది మిట్టెల్‌బౌ-డోరా అనే నిర్బంధ శిబిరం ఖైదీలు. కొండ లోపల సొరంగాల్లో పని. ఆ శిబిరానికి తెచ్చిన సుమారు 60 వేల మందిలో 20 వేల మంది దాకా చనిపోయారు. వీ-2 పడి చచ్చిపోయినవాళ్ల కంటే దాన్ని చేస్తూ చచ్చిపోయినవాళ్లే ఎక్కువ అని చరిత్రకారులు లెక్క చెప్తారు. ఆ సొరంగంలో “ఈ పని వల్ల మనుషులు పోతున్నారు, ఆపండి” అనే హక్కు ఎవరికీ లేదు. దాన్ని రూపొందించిన వాన్ బ్రౌన్ యుద్ధం అయ్యాక అమెరికా వెళ్లి, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ పనికి పెద్దయ్యాడు.

సోవియట్ వైపు కూడా అంతే. ఆర్-7 అనేది అణుబాంబును ఖండం దాటించడానికి చేసిన మిస్సైల్. 1957 ఆగస్టు 21న అది సరిగ్గా ఎగిరింది. అక్టోబర్ 4న అదే రకం రాకెట్ స్పుత్నిక్‌ని మోసింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ని మోసింది కూడా ఆ కుటుంబమే. అమెరికాలో షెపర్డ్ ఎక్కిన రెడ్‌స్టోన్, గ్లెన్ ఎక్కిన అట్లాస్, తర్వాత జెమినీ వాళ్లు ఎక్కిన టైటాన్-2, మూడూ మిస్సైళ్లుగా పుట్టినవే.

ఇక్కడ ఒక తేడా ఉంది. మిస్సైల్‌కి తిరిగి రావాల్సిన పని లేదు. పదిలో రెండు దారి తప్పినా మిగతా ఎనిమిదీ తగిలితే చాలు అనుకుంటుంది సైన్యం. మనిషి కూర్చునే రాకెట్‌కి ఆ లెక్క పనికిరాదు. అందుకే మిస్సైల్‌ని మనుషుల రాకెట్‌గా మార్చాలంటే ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరికరాలు, లోపలున్నవాళ్లని లాగేసే చిన్న రాకెట్టు, అన్నిటికంటే ముందు “ఆపండి” అంటే వినే పద్ధతి కావాలి. పరికరాలు చేయడం ఇంజినీర్లకు వచ్చింది. వినే పద్ధతి మాత్రం ప్రాణాలు పోయాక గానీ రాలేదు.

దాచిపెట్టిన మంటలు

1960 అక్టోబర్ 24. బైకనూర్‌లో ఆర్-16 అనే కొత్త మిస్సైల్ పరీక్ష. నవంబర్ 7 విప్లవ వార్షికోత్సవం లోపు అయిపోవాలని పై నుంచి ఒత్తిడి. ఇంధనం నింపాక లోపాలు కనిపించాయి. నియమం ప్రకారం ఇంధనం తీసేసి బాగుచేయాలి. టైమ్ లేదని నింపిన రాకెట్ మీదే పని చేయించారు. మార్షల్ నెడెలిన్ దగ్గర్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దాయనే అక్కడుంటే, కింద పనిచేసేవాళ్లు “మేము దూరం పోతాం” అని ఎలా అంటారు? రెండో దశ ఇంజిన్ ఒక్కసారిగా అంటుకుంది. నెడెలిన్‌తో కలిపి డెబ్బై మందికి పైగా కాలిపోయారు. బయటికి మాత్రం ఆయన విమాన ప్రమాదంలో పోయాడని చెప్పారు. అసలు సంగతి వాళ్ల దేశ ప్రజలకు 1989లో గానీ పత్రికల ద్వారా తెలీలేదు.

1961 మార్చి 23న బొందరెంకో అనే 24 ఏళ్ల వ్యోమగామి ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న శిక్షణ గదిలో మంటలు వచ్చి చనిపోయాడు. ఒళ్లు తుడుచుకున్న ఆల్కహాల్ దూది వేడి పొయ్యి మీద పడింది, అంతే. దాన్నీ 1986 దాకా దాచారు. పోటీ దేశానికి మన తప్పు తెలిస్తే పరువు పోతుందని.

అమెరికా వాళ్లు దాన్ని ఎంత పెద్ద ప్రాణనష్టంతో నేర్చుకున్నారో చూడండి. 1967 జనవరి 27. ఆ రోజు వాషింగ్టన్, లండన్, మాస్కోల్లో అంతరిక్ష ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి. భూమి చుట్టూ అణ్వాయుధాలు తిప్పకూడదు, చంద్రుడు ఏ ఒక్క దేశం సొత్తూ కాదు, ఆపదలో ఉన్న వ్యోమగామికి ఏ దేశమైనా సాయం చేయాలి అని అందులో ఉంది. వైట్‌హౌస్‌లో జరిగిన సంతకాల సభకు ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటి వ్యోమగాములు కూడా వెళ్లారు. అదే రోజు సాయంత్రం ఫ్లోరిడాలో అపోలో-1 గదిలో రిహార్సల్ చేస్తున్న గ్రిస్సమ్, వైట్, చాఫీ ముగ్గురూ మంటల్లో పోయారు. గది నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్. తలుపు లోపలికి తెరుచుకునేది, తీయడానికి నిమిషం పైనే పట్టేది. రాకెట్‌లో ఇంధనం లేదు కదా అని ఆ పరీక్షని ప్రమాదకరమైనదిగా లెక్కే వేయలేదు. ఆ తర్వాతే తలుపు బయటికి, కొన్ని సెకన్లలో తెరుచుకునేలా మార్చారు. నేల మీద ఉన్నప్పుడు స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపడం మానేశారు.

బొందరెంకో సంగతి ముందే తెలిసి ఉంటే ఆ ముగ్గురూ బతికేవాళ్లా? ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ తెలుసుకునే అవకాశమే లేకుండా చేసింది మిస్సైళ్ల పోటీయే.

అదే ఏడాది ఏప్రిల్ 24న సోయుజ్-1లో కొమరోవ్ పారాచూట్ తెరుచుకోక చనిపోయాడు. 1971 జూన్ 30న సోయుజ్-11 నేలకి దిగింది, తలుపు తీస్తే లోపల ముగ్గురూ ప్రాణాలతో లేరు. 168 కిలోమీటర్ల ఎత్తులో ఒక వాల్వు తెరుచుకుని గాలి అంతా పోయింది. ముగ్గుర్ని ఇరికించడానికి ప్రెషర్ సూట్లు లేకుండా పంపారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఇద్దర్నే, సూట్లతో పంపారు.

ఒకే తేదీ, రెండు బటన్లు

మేము చదివినవాటిలో మమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వని తేదీ 1983 సెప్టెంబర్ 26.

ఆ నెల మొదట్లోనే సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది, 269 మంది పోయారు. ఎవరు ఎవరి మీద వేస్తారో అన్నట్టుంది ప్రపంచం. మాస్కో గడియారం ప్రకారం 26 అర్ధరాత్రి దాటాక, సోవియట్ హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ ముందు అలారం మోగింది. అమెరికా నుంచి ఒక మిస్సైల్ వస్తోందని, తర్వాత మొత్తం ఐదని ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. పైవాళ్లకి “దాడి” అని చెప్పడం ఆయన డ్యూటీ. ఆయన ఆగాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదే వేస్తాడా అనుకున్నాడు. తప్పుడు అలారం అని చెప్పాడు. నిజంగానే అది మబ్బుల మీద పడిన ఎండని ఉపగ్రహం తప్పుగా చదవడం.

అదే తేదీ రాత్రి బైకనూర్‌లో తితోవ్, స్త్రెకలోవ్ అనే ఇద్దరు సోయుజ్‌లో బయల్దేరడానికి కూర్చున్నారు. ఇంకా నిమిషంన్నర ఉందనగా కింద మంటలు. ఆ మంటల్లో వైర్లు కాలిపోయి, కాపాడే రాకెట్ దానంతటది పేలే దారి పోయింది. లోపలివాళ్ల చేతిలో దాన్ని పేల్చే బటన్ లేదు. కంట్రోల్‌లో ఇద్దరు మనుషులు వేర్వేరు గదుల్లో ఒకేసారి బటన్ నొక్కితేనే రేడియో ఆదేశం వెళ్తుంది. నొక్కారు. వాళ్ల గది ఎగిరిపోయిన కాసేపటికే, రెండు సెకన్ల తేడాలో, కింద రాకెట్ పేలింది. తమ బరువుకి 14 నుంచి 17 రెట్ల ఒత్తిడి తట్టుకుని, ఆ ఇద్దరూ సుమారు 4 కిలోమీటర్ల అవతల ప్రాణాలతో దిగారు.

ఒకే దేశం, ఒకే తేదీ. ఒకచోట ఒక మనిషి ముందుకి పోకుండా ఆగాడు, లోకం బతికింది. ఇంకోచోట ఇద్దరు టైముకి బటన్ నొక్కారు, ఇద్దరు బతికారు. రెండుచోట్లా మిషన్ ఫెయిల్ అయ్యింది, మనిషి నిలబడ్డాడు. ఏడు నెలలు తిరక్కుండా, 1984 ఏప్రిల్ 3న, మన రాకేశ్ శర్మ అదే బైకనూర్ నుంచి అదే రకం రాకెట్ ఎక్కాడు. స్కూల్ పుస్తకంలో ఆయన ఫొటో చూశాం గానీ, ముందు జరిగింది మాకెవరూ చెప్పలేదు.

‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా’

దాచడం వల్ల పోయినవాళ్లు ఒకవైపు. కళ్లముందు కనిపిస్తున్నా వినకపోవడం వల్ల పోయినవాళ్లు ఇంకోవైపు.

1986 జనవరి 27 రాత్రి ఫోన్ మీటింగ్. మర్నాడు పొద్దున ఛాలెంజర్ ఎగరాలి. బూస్టర్లు చేసే మోర్టన్ థయోకాల్ కంపెనీ అమెరికా అణు మిస్సైళ్లకి కూడా దశలు చేసి పేరు తెచ్చుకున్నది. అందులోని ఇంజినీర్ రోజర్ బోయ్‌జోలీ, ఆయన తోటివాళ్లు “చలి ఎక్కువుంది, రబ్బరు రింగులు గట్టిపడి మంట లీకవుతుంది, వద్దు” అన్నారు. మొదట కంపెనీ కూడా వద్దంది. నాసా వాళ్లు గట్టిగా అడిగాక మేనేజర్లు మాట మార్చారు. అలన్ మెక్‌డొనాల్డ్ అనే పెద్ద ఇంజినీర్ సంతకం పెట్టనన్నాడు. ఇంకొకరు పెట్టారు. మర్నాడు 73 సెకన్లకి అంతా అయిపోయింది. ఏడుగురు, అందులో ఒక స్కూల్ టీచర్. షటిల్‌లో మనుషుల్ని లాగేసే రాకెట్టే లేదు. విచారణలో ఫైన్‌మన్ ఒక మాట బయటపెట్టాడు: ప్రమాదం అవకాశం లక్షలో ఒకటని మేనేజర్లు అంటే, వందలో ఒకటని ఇంజినీర్లు అన్నారు.

2003లో కొలంబియా. మన కల్పనా చావ్లా ఉన్నది అందులోనే. జనవరి 16న ఎగిరిన 82 సెకన్లకి ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. సైన్యం దగ్గరున్న గూఢచారి కెమెరాలతో ఒక్కసారి ఫొటో తీయించండి అని ఇంజినీర్లు అడిగారు. ఆ అభ్యర్థనని మేనేజర్లు రద్దు చేశారు. ఫోమ్ ఊడటం ఎప్పుడూ ఉన్నదే, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అన్నారు. ఫిబ్రవరి 1న ఏడుగురూ తిరిగి రాలేదు. తర్వాత ఏడు వారాలకి ఇరాక్ యుద్ధం మొదలైంది, లోకం చూపు అటు తిరిగింది.

ఆదివాసీ పిల్లలుగా మనకి ఇందులో ఇంకో సంగతి ఉంది. కొలంబియాకి ముందు, 2002 నవంబర్‌లో ఎగిరిన ఎండీవర్‌లో జాన్ హెరింగ్టన్ ఉన్నాడు. చికాసా తెగ మనిషి. అమెరికా తెగల్లో నమోదైన సభ్యుల్లో అంతరిక్షానికి వెళ్లిన మొదటివాడు. తనతో గద్ద ఈక పట్టుకెళ్లాడు. ఆయన వెళ్లడానికి ముందు, అక్టోబర్‌లో ఎగిరిన షటిల్‌లోనూ అదేచోటి ఫోమ్ ఊడి బూస్టర్‌కి తగిలింది. అయినా పర్లేదని ఆయన్ని పంపారు. ఆయన తిరిగొచ్చాడు. తర్వాతివాళ్లు రాలేదు. ఒక్క ఎగురుడు తేడా.

మన నేల మీద

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. శ్రీహరికోట అడవిలో, పులికాట్ పక్కన ఉండేవాళ్లు యానాదులు. చేపలు, తేనె, దుంపలు, వేర్లు, మందు మొక్కలు వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రానికి ఆ దీవి కావాల్సి వచ్చాక యానాది కుటుంబాల్ని అక్కడి నుంచి తరలించారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. మనం గర్వపడే ప్రతి ప్రయోగం వెనకాల ఆ ఖాళీ అయిన గుడిసెలున్నాయి. గర్వపడొద్దని మేము అనట్లేదు. లెక్కలో వాళ్లని కూడా రాయండి అంటున్నాం. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధన ప్లాంట్‌లో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. అంతరిక్ష భద్రత అంటే పైకెళ్లేవాళ్లది మాత్రమే కాదు, కింద పనిచేసేవాళ్లది కూడా.

మిస్సైల్, రాకెట్ బంధం మన దగ్గరా ఉంది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని మోసిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశే, 1989 మే 22న ఎగిరిన అగ్ని మిస్సైల్‌కి మొదటి దశ అయ్యింది. రెండు పనుల్నీ నడిపింది కలాం గారే. ఇది చూసే అమెరికా 1992లో ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది, రష్యా క్రయోజెనిక్ ఇంజిన్ టెక్నాలజీ ఇవ్వకుండా ఆపించింది. నిజానికి ఆ ఇంజిన్ మిస్సైల్‌కి పెద్దగా పనికిరాదు, గడ్డకట్టే చల్లటి ఇంధనం అప్పటికప్పుడు నింపాలి. అయినా మిస్సైల్ భయం పేరుతో మనకి ఏళ్లు పోయాయి. చివరికి మనవాళ్లే చేసుకున్న క్రయోజెనిక్ ఇంజిన్ ఇప్పుడు గగన్‌యాన్ రాకెట్ పై దశలో ఉంది.

కాబట్టి “సైన్సు వేరు, యుద్ధం వేరు” అన్న అన్నకి మా జవాబు: పుట్టుక ఒకటే. పెంపకంలో తేడా. ఆగండి అంటే ఆగేది మనుషుల్ని మోస్తుంది. ఆగనిది బూడిద చేస్తుంది.

ఆగండి అనడం చదువుకున్న ఇంజినీర్లకే చేతనవుతుంది అనుకోకండి. 1994 మార్చిలో జార్ఖండ్ నేతర్‌హాట్‌లో ఆదివాసీలు, ఎక్కువగా ఆడవాళ్లు, ఫిరంగుల రేంజ్ కోసం వచ్చిన సైన్యం బళ్లకి దారిలో అడ్డం కూర్చుని వెనక్కి పంపారు. ఆ తర్వాత కూడా ఏటా మార్చిలో అక్కడ కూడారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ రేంజ్ గడువు పొడిగించబోమంది.

మా స్విచ్ బోర్డు

ఇంత పెద్ద కథ చదివాక మా రూములో ఎవరూ మాట్లాడలేదు. కారణం మా వరండాలో స్విచ్ బోర్డు. ఏడాదిగా వర్షం పడితే నిప్పులు రాలుతాయి. మొదట్లో భయపడ్డాం. ఒకసారి చెప్పాం. “ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా, చూద్దాంలే” అన్నారు. తర్వాత మేమూ అలవాటు పడ్డాం. చెప్పు వేసుకుని, కర్రతో స్విచ్ వేయడం కొత్త పిల్లలకి మేమే నేర్పాం. కొలంబియా మేనేజర్లకి, మాకు తేడా ఏముంది?

మర్నాడు తేదీ వేసి, ఏం జరుగుతోందో రాసి, 31 మంది సంతకాలు పెట్టి ఇచ్చాం. నకలు మా దగ్గర ఉంచుకున్నాం. ఒక తమ్ముడు “పేరు రాస్తే నా సీటు పోతదేమో అన్నా” అని భయపడ్డాడు. అతని భయం తప్పు కాదు, మెక్‌డొనాల్డ్‌కి కూడా ఉద్యోగంలో హోదా తగ్గించారు, తర్వాత అమెరికా చట్టసభ కలగజేసుకుంటే గానీ తిరిగి రాలేదు. అందుకే పేర్లు వరసగా కాకుండా గుండ్రంగా రాశాం, మొదటివాడు ఎవరో తెలీకుండా. పదకొండో రోజు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బోర్డు మార్చాడు. వెనక వైరు నల్లగా మాడిపోయి ఉంది.

2025 జూన్ 11న శుభాంశు శుక్లా ఎక్కాల్సిన రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు కనిపించి ప్రయోగం ఆపారు. సరిచేసి 25న పంపారు. జూలై 15న ఆయన క్షేమంగా దిగాడు. టీవీల్లో దిగింది చూపించారు. మేము మాత్రం ఆ 11వ తేదీని గుర్తుపెట్టుకున్నాం.

రేపు గగన్‌యాన్ లెక్క మధ్యలో ఆగితే గట్టు మీద కూర్చున్న బాబాయికి మేము చెప్పాల్సింది ఉంది. మళ్లీ యుద్ధం మాట వస్తే మన గ్రూపులో తొందరపడేవాళ్లకీ చెప్పాల్సింది ఉంది. ముందుగా మీ హాస్టల్లో, మీ ఊరి స్కూల్లో మాడుతున్న వైరు ఏదైనా ఉంటే తేదీ వేసి రాయండి, సంతకాలు పెట్టించండి, నకలు ఉంచుకోండి. ఎలా రాయాలో తెలీకపోతే కింద అడగండి, మేము రాసిన కాగితం నమూనా పెడతాం.

జై ఆదివాసీ.